సీఎస్ఈ4 దెబ్బతింటే క్రోమోజోము ఎంత తరచుగా తప్పిపోతుంది? ఎర్ర-తెల్ల కాలనీలతో కొలిచే సమగ్ర మార్గదర్శి

రొట్టెల ఈస్ట్ (శాకరోమైసిస్ సెరివిసియే) హాప్లాయిడ్ కణంలో, అంటే ఒక్కో క్రోమోజోముకు ఒకే ప్రతి ఉన్న కణంలో, 16 క్రోమోజోములుంటాయి. కణం రెండుగా చీలేటప్పుడు ఏ క్రోమోజోము ఎటు వెళ్లాలో తేల్చే చోటు సెంట్రోమియర్. ఈస్ట్‌లో దాని పొడవు సుమారు 125 బేస్ జతలే. అందులో మూడు భాగాలు: 8 బేసుల సీడీఈ-ఒకటి, 78 నుంచి 86 బేసుల దాకా దాదాపు అంతా ఏ-టీలతో నిండిన సీడీఈ-రెండు, 25 బేసుల సీడీఈ-మూడు. వాటి మీద ఒకే ఒక ప్రత్యేక న్యూక్లియోజోము (హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ డీఎన్ఏ చుట్టుకున్న ఉండ) కూర్చుంటుంది. మామూలు హెచ్3 హిస్టోన్ ఉండాల్సిన చోట అందులో సీఎస్ఈ4 ప్రోటీన్ ఉంటుంది. దాని మీద కైనెటోకోర్ అనే ప్రోటీన్ల కూర్పు కట్టుకుంటుంది, ఆ కైనెటోకోర్‌కు క్రోమోజోమును లాగే నాళిక, మైక్రోట్యూబ్యూల్, ఒకే ఒక్కటి తగులుకుంటుంది. మారు మైక్రోట్యూబ్యూల్ లేదు కాబట్టి సీఎస్ఈ4లో చిన్న లోపం వచ్చినా క్రోమోజోము దారి తప్పుతుంది. ఆ తప్పును లెక్కించడానికి ఈస్ట్ ఇంత అనువుగా ఉండటానికి కారణం ఇదే.

ఈ జన్యువు క్రమసంఖ్య వైకేఎల్049సీ, 11వ క్రోమోజోము ఎడమ భుజం మీద ఉంటుంది. ప్రోటీన్ పొడవు 229 అమైనో ఆమ్లాలు, అంటే స్టాప్ కోడాన్‌తో కలిపి 690 బేసుల ఓఆర్ఎఫ్ (ప్రోటీన్‌ను రాసే భాగం). మనుషుల్లో దీని జోడీ సెన్‌పీ-ఏ. 1995లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో మోలీ ఫిట్జ్‌జెరాల్డ్-హేస్ బృందం దీన్ని వర్ణించింది. ఈ జన్యువు లేకపోతే కణం బతకదు. కాబట్టి తీసేసి చూద్దామంటే కుదరదు. వేడికి లొంగే అల్లీల్‌తోనే (జన్యువు మారు రూపంతోనే) పని చేయాలి, అంటే 23–25 డిగ్రీల దగ్గర బాగా పెరిగి, 37 దగ్గర ఆగిపోయేది. సీఎస్ఈ4-1 అలాంటిదే.

కొలిచేది ఏమిటి, ఎలా కనిపిస్తుంది

హాప్లాయిడ్ కణం సొంత క్రోమోజోము ఒకటి పోగొట్టుకుంటే చచ్చిపోతుంది. చచ్చినదాన్ని లెక్కపెట్టలేం. అందుకే అవసరం లేని ఒక అదనపు క్రోమోజోము ముక్కను కణంలో పెట్టి, అది పోయిందా ఉందా అని చూస్తాం. 1985లో ఫిలిప్ హీటర్ తదితరులు స్థిరపరచిన రంగు పద్ధతి ఇది. వాడే స్ట్రెయిన్‌లో (ఈస్ట్ రకంలో) ఏడ్2 అనే అడెనిన్ తయారీ జన్యువులో ఏడ్2-101 ఓకర్ మ్యుటేషన్, అంటే మధ్యలో పడిన ఒక స్టాప్ కోడాన్, ఉంటుంది. అది ఉన్న కణంలో అడెనిన్ తయారీ మధ్యలో ఆగి, అక్కడ పేరుకున్న పదార్థం వాక్యుయోల్‌లో (కణం లోపలి సంచిలో) ఎర్ర రంగుగా మారుతుంది. ముక్క మీద సప్11 అనే సప్రెసర్ టీఆర్ఎన్ఏ జన్యువు ఉంటుంది. అది ఓకర్ కోడాన్‌ను దాటించడంతో రంగు పేరుకోదు. ముక్క ఉంటే తెలుపు, పోతే ఎరుపు. కణం ప్లేటు మీద పడ్డాక మొదటి విభజనలోనే ముక్క పోతే కాలనీ సగం ఎరుపు, సగం తెలుపు అవుతుంది. మనం లెక్కపెట్టేది ఆ సగం కాలనీలనే.

మామూలు స్ట్రెయిన్‌లో ఇలాంటి ముక్క పదివేల విభజనలకు ఒకటి రెండు సార్లు పోతుంది. లోపమున్న మ్యుటెంట్‌లో అది నూటికి ఒకటి దాకా వెళ్లినా ఆశ్చర్యం లేదు.

స్ట్రెయిన్ ఎంపిక: ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు

ల్యాబుల్లో తరచూ వాడే బీవై4741 స్ట్రెయిన్‌లో ఏడ్2 మామూలుగానే ఉంటుంది, కాబట్టి ఎర్ర రంగు రాదు, ఈ పనికి పనికిరాదు. వైపీహెచ్499, దాని డిప్లాయిడ్ (ప్రతి క్రోమోజోముకూ రెండు ప్రతులున్న) స్ట్రెయిన్ వైపీహెచ్501 కుటుంబంలో ఏడ్2-101 ఉంది. దానికి తోడు యూరా3-52, లిస్2-801, ట్రిప్1, హిస్3, లూ2 లోపాలున్నాయి కాబట్టి మార్కర్లకు, అంటే చేర్చిన డీఎన్ఏ ఉన్న కణాలను ఏరిపెట్టే జన్యువులకు, కొదవ లేదు. ముక్క ముందే ఉన్న వైపీహెచ్ స్ట్రెయిన్ సంపాదించుకోవడం అన్నిటికన్నా తేలిక.

చిక్కు ఎక్కడంటే, ఆ ముక్కల మీద చాలావరకు యూరా3 మార్కర్ ఉంటుంది, అది ఉన్న కణం యురాసిల్ లేని మాధ్యమంలోనూ పెరుగుతుంది. ప్రాణాధార జన్యువును మార్చడానికి అందరికీ మొదట తట్టేది ప్లాస్మిడ్ షఫుల్. అంటే యూరా3 ఉన్న ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న గుండ్రటి డీఎన్ఏ) మీద మంచి సీఎస్ఈ4 ఉంచి, 5-ఎఫ్‌ఓఏ ప్లేటు మీద దాన్ని వదిలించడం. కానీ 5-ఎఫ్‌ఓఏ యూరా3 ఉన్న ప్రతి కణాన్నీ చంపుతుంది. ముక్క ఉన్న కణాలూ చస్తాయి. మిగిలేవన్నీ ముక్క పోయిన ఎర్ర కణాలే. మ్యుటెంట్ భయంకరంగా ఉందని సంబరపడతాం, నిజానికి మనమే ముక్కను ఏరి పారేశాం. ముక్క మీద వేరే మార్కర్ ఉంటే తప్ప ఈ రెంటినీ కలపకండి.

మంచి దారి, మ్యుటెంట్ అల్లీల్‌ను జీనోములోనే అసలు చోట పెట్టడం.

అల్లీల్ మార్పిడి

కణంలోకి పంపే డీఎన్ఏ కట్ట ఇలా ఉండాలి: మ్యుటెంట్ ఓఆర్ఎఫ్, దాని వెనక సొంత టెర్మినేటర్ (ఆర్ఎన్ఏ తయారీ ఆగే చోటు), ఆపైన జీ418 మందును తట్టుకోనిచ్చే కాన్‌ఎమ్‌ఎక్స్ మార్కర్, చివర దిగువ ప్రాంతంతో సరిపోలే 45–50 బేసులు. ముందు వైపు ఓఆర్ఎఫ్‌కు పైనున్న 45–50 బేసులు చాలు. టెర్మినేటర్ తీసేసి మార్కర్ అంటిస్తే ఆర్ఎన్ఏ స్థాయి మారిపోయి, మ్యుటేషన్ ప్రభావం ఏదో మార్కర్ ప్రభావం ఏదో తెలియకుండా పోతుంది. పక్క జన్యువు ఎక్కడ మొదలవుతుందో శాకరోమైసిస్ జీనోమ్ డేటాబేస్‌లో చూసుకున్నాకే ప్రైమర్లు రాయండి. పీసీఆర్‌కు తప్పులు తక్కువ చేసే ఎంజైమ్ వాడండి.

ట్రాన్స్‌ఫర్మేషన్ (ఆ డీఎన్ఏను కణాల్లోకి ఎక్కించడం) లిథియం అసిటేట్ పద్ధతిలో చేయండి. కల్చర్‌ను మిల్లీలీటరుకు 50 లక్షల కణాల దగ్గర మొదలుపెట్టి 2 కోట్ల దాకా, అంటే కనీసం రెండు విభజనలు, పెరగనివ్వండి. ఒక్కో ట్రాన్స్‌ఫర్మేషన్‌కు 10 కోట్ల కణాలు తీసుకుని నీటితో కడిగి, ముద్ద మీద ఈ వరసలో వేయండి: 50 శాతం పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) 3350 ద్రావణం 240 మైక్రోలీటర్లు, 1 మోలార్ లిథియం అసిటేట్ 36, ఐదు నిమిషాలు మరిగించి మంచులో చల్లార్చిన సాల్మన్ డీఎన్ఏ (మి.లీ.కు 2 మి.గ్రా.) 50, పీసీఆర్ డీఎన్ఏ నీరు కలిపి 34. మొత్తం 360. పెగ్ ముందు పడటం ముఖ్యం, గాఢమైన లిథియం నేరుగా కణాలకు తగలకూడదు. 42 డిగ్రీల్లో 40 నిమిషాలు. పెగ్ పాతదై నీరు ఆవిరైతే గాఢత మారి, ట్రాన్స్‌ఫార్మెంట్లు ఒక్కసారిగా పడిపోతాయి. సీసా మూత బిగించి ఉంచండి.

ఆ తర్వాత వైపీడీలో (ఈస్ట్‌కు అన్నీ ఉన్న మామూలు మాధ్యమంలో) 25 డిగ్రీల దగ్గర 3–4 గంటలు కోలుకోనిచ్చి, జీ418 (మి.లీ.కు 200 మైక్రోగ్రాములు) ఉన్న వైపీడీ ప్లేటు మీద పరచండి. అమ్మోనియం సల్ఫేట్ ఉన్న సింథటిక్ మాధ్యమంలో జీ418 సరిగా పనిచేయదు. ముక్కను కూడా అదే ప్లేటు మీద నిలుపుకోవాలంటే అమ్మోనియం సల్ఫేట్ లేని నైట్రోజన్ బేస్ తీసుకుని, లీటరుకు 1 గ్రాము మోనోసోడియం గ్లుటమేట్ వేసి, యురాసిల్ లేకుండా జీ418తో చేయండి.

వచ్చిన కాలనీలన్నిటిలోనూ మ్యుటేషన్ ఉండదు. కట్టలోని మ్యుటేషన్‌కూ మార్కర్‌కూ మధ్య రీకాంబినేషన్ జరిగితే జీ418ను తట్టుకునే కాలనీ వస్తుంది, కానీ లోపల సీఎస్ఈ4 మామూలుదే. కాబట్టి రెండు అంచులనూ పీసీఆర్‌తో చూసి, 690 బేసులనూ రెండు వైపుల నుంచీ సీక్వెన్స్ చేయించండి. మ్యుటేషన్ లేకుండా మార్కర్ మాత్రమే చేరిన కాలనీని పారేయకండి! అదే మీకు దొరికే అత్యుత్తమ కంట్రోల్. అదే చోట అదే మార్కర్, తేడా మ్యుటేషన్ ఒక్కటే.

కనీసం మూడు స్వతంత్ర ఐసోలేట్లను 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80లో పెట్టండి. ప్రతి ప్రయోగానికీ ఫ్రీజర్ నుంచే కొత్తగా గీయండి. ప్రోటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అని రాసి ఉంటే అది 23–25 డిగ్రీలని అర్థం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మే నెలలో ఏసీ ఆగిన ల్యాబు బల్ల మీద 33 దాటుతుంది. అక్కడ రెండు రోజులు ఉన్న ప్లేటులో వేడిని తట్టుకునే రివర్టెంట్లు (లోపం సరిదిద్దుకున్న కణాలు) ముందుకొచ్చేస్తాయి, మీరు గీసుకునేది వాటినే.

రంగు ప్లేటు

ఈ ప్రయోగంలో గెలుపోటములు అడెనిన్ దగ్గర తేలతాయి. ఎక్కువైతే ఎరుపే రాదు, తక్కువైతే కాలనీలు పెరగవు. మామూలు సింథటిక్ మాధ్యమంలో మి.లీ.కు 20 మైక్రోగ్రాములు వేస్తారు, ఇక్కడ 6 చాలు.

లీటరుకు: అమైనో ఆమ్లాలు లేని, అమ్మోనియం సల్ఫేట్ ఉన్న ఈస్ట్ నైట్రోజన్ బేస్ 6.7 గ్రాములు, అగార్ 20 గ్రాములు, అడెనిన్ మాత్రమే లేని డ్రాపౌట్ మిశ్రమం లేబుల్ మీద చెప్పినంత, నీరు 947 మి.లీ. 121 డిగ్రీల్లో 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి. 60 డిగ్రీలకు దిగాక 40 శాతం గ్లూకోజ్ 50 మి.లీ., మి.లీ.కు 2 మి.గ్రా. ఉన్న అడెనిన్ హెమిసల్ఫేట్ ద్రావణం 3 మి.లీ. కలపండి. గ్లూకోజ్‌ను విడిగానే ఆటోక్లేవ్ చేయండి, లేకపోతే మాధ్యమం గోధుమరంగుకు తిరిగి కాలనీ ఎరుపు చదవడం కష్టమవుతుంది. ఈ ప్లేటులో యురాసిల్ ఉండాలి. ముక్క పోయిన కణం కూడా హాయిగా పెరగాలి కదా.

అడెనిన్ రూపం మార్చకండి. 6 మైక్రోగ్రాముల హెమిసల్ఫేట్‌లో అసలు అడెనిన్ దాదాపు 4.4 మాత్రమే. ఒకసారి హెమిసల్ఫేట్, మరోసారి శుద్ధ అడెనిన్ వాడితే రెండు వారాల ప్లేట్లను పోల్చలేరు. ప్లేటుకు 25 మి.లీ. పోయండి, పలచగా పోస్తే మధ్యలోనే పోషకాలు అయిపోతాయి. ఒక ప్రయోగానికి కావలసినవన్నీ ఒకే విడతలో పోసి, రెండు రోజులు ఆరబెట్టండి. వైపీడీతో ఈ పని చేయవద్దు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లోని అడెనిన్ విడత విడతకూ మారుతుంది.

ఉష్ణోగ్రత తేల్చుకోవడం

37 దగ్గర మ్యుటెంట్ పెరగదు, 23 దగ్గర లోపం కనిపించకపోవచ్చు. రెంటి మధ్య కాలనీ కడుతూనే తప్పులు చేసే చోటు వెతకాలి. పదేసి రెట్లు పలచబరచిన ఐదు మోతాదులను 5 మైక్రోలీటర్ల చొప్పున చుక్కలు పెట్టి, 23, 27, 30, 33, 35, 37 డిగ్రీల్లో ఉంచండి. కంట్రోల్‌తో పోలిస్తే చుక్కలు కాస్త చిన్నబోయినా, కణాల సంఖ్య పది రెట్లు తగ్గని అత్యధిక ఉష్ణోగ్రతను ఎంచుకోండి. సగం కణాలు చచ్చే చోట కొలిస్తే, బతికినవాటిలోని తప్పులే లెక్కలోకి వస్తాయి.

కల్చర్, పరచడం

ఫ్రీజర్ నుంచి యురాసిల్ లేని, అడెనిన్ తక్కువగా ఉన్న ప్లేటు మీద గీసి 25 డిగ్రీల్లో మూడు నాలుగు రోజులు ఉంచండి. తెల్ల కాలనీలు మూడు, వేర్వేరు ఐసోలేట్ల నుంచి, యురాసిల్ లేని 5 మి.లీ. ద్రవంలో వేయండి. మరునాడు ఓడీ600 (కల్చర్ మసక కొలత) 0.5 దగ్గర ఉన్నప్పుడు తీయండి, పూర్తిగా నిండిన కల్చర్ వద్దు. ఓడీని నమ్మి పలచబరచకండి. మ్యుటెంట్ కణాలు పెద్దవిగా, పెద్ద మొగ్గలతో ఉంటాయి కాబట్టి అదే ఓడీకి కణాల సంఖ్య తగ్గుతుంది. హీమోసైటోమీటర్‌లో (గళ్ల గాజు పలకలో) లెక్కపెట్టండి.

ఇప్పుడు అందరూ దాటేసే అడుగు. ఒక తెల్ల కణం, ఒక ఎర్ర కణం అతుక్కుని ఒకేచోట పడితే సగం ఎరుపు, సగం తెలుపు కాలనీ వస్తుంది. అది క్రోమోజోము తప్పు కాదు, విడిపోని గుంపు. కల్చర్‌ను 10 మిల్లీమోలార్ ఈడీటీఏతో ఒకసారి కడిగి, తక్కువ శక్తిలో 5 సెకన్లు సోనికేట్ చేసి, మైక్రోస్కోప్ కింద 200 కణాలు చూడండి. తల్లి-మొగ్గ జంటలు ఫరవాలేదు. మూడు నాలుగు కణాల గుంపులు కనిపిస్తే మరో 5 సెకన్లు.

మి.లీ.కు 1,500 కణాలకు పలచబరచి, ప్లేటుకు 100 మైక్రోలీటర్లు, అంటే సుమారు 150 కణాలు పరచండి. కాలనీలు ఇరుకైతే చిన్నగా ఉండిపోయి రంగు తేలదు. ఐసోలేట్‌కు 20 ప్లేట్లు వేస్తే 3,000 కాలనీలు వస్తాయి. 30 డిగ్రీల్లో ఐదు రోజులు, 25 అయితే ఆరేడు రోజులు. తర్వాత 4 డిగ్రీల ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు రోజులు ఉంచితే లేత గులాబీగా ఉన్నవి స్పష్టమైన ఎరుపుకు తిరుగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టకుండా లెక్కపెడితే తప్పులు తక్కువగా కనిపిస్తాయి.

లెక్క

తక్కువగా పెద్దది చేసి చూపే స్టీరియో మైక్రోస్కోప్ కింద, ఏ ప్లేటు ఏ స్ట్రెయినో తెలియకుండా లేబుళ్లు కప్పి చూడండి. కాలనీలు మూడు రకాలు: పూర్తిగా ఎర్రవి, సగమైనా ఎర్రగా ఉన్నవి, మిగతావి. పూర్తి ఎరుపు అంటే పరచడానికి ముందే ముక్క పోయిన కణం, దాన్ని తీసేయాలి. అంచున సన్నని ఎర్ర గీతలు, త్రికోణాలు తర్వాతి విభజనల్లో జరిగినవి. అవి మ్యుటెంట్ లక్షణాన్ని చెబుతాయి గానీ లెక్కలోకి రావు.

సగం అవునో కాదో తేల్చడానికి అంచు చూడకండి, మధ్య చూడండి. అడెనిన్ తక్కువగా ఉన్నచోట తెల్ల కణాలు వేగంగా పెరిగి ఎరుపును పక్కకు నెట్టేస్తాయి. అంచున మూడో వంతు మాత్రమే ఎరుపున్నా, ఎరుపు-తెలుపు సరిహద్దు తిన్నగా వచ్చి కాలనీ కేంద్రాన్ని తాకితే అది మొదటి విభజన తప్పే. సరిహద్దు కేంద్రాన్ని చేరకుండా ఆగిపోతే కాదు. ఈ నియమం ముందే రాసి పెట్టుకుని, కంట్రోల్‌కూ మ్యుటెంట్‌కూ ఒకేలా వర్తింపజేయండి.

ఒక ఉదాహరణ. మొత్తం 3,000 కాలనీలు, పూర్తి ఎరుపు 120, సగం ఎరుపు 36 అనుకోండి. రేటు = 36 ÷ (3,000 − 120) = 36 ÷ 2,880 = 0.0125, అంటే విభజనకు 1.25 శాతం. 36కు వర్గమూలం 6, దానికి రెండింతలు 12. కాబట్టి అసలు విలువ 24 నుంచి 48 మధ్య, అంటే 0.83 నుంచి 1.67 శాతం మధ్య ఉంటుందని చెప్పాలి. కంట్రోల్‌లో 3,000కు ఒక్కటీ కనిపించకపోతే రేటు సున్నా అని రాయకూడదు. వెయ్యికి ఒకటి కన్నా తక్కువ అని మాత్రమే రాయాలి. పదివేలకు ఒకటి స్థాయిని నిజంగా కొలవాలంటే 30,000 కాలనీలైనా కావాలి.

ముక్క పోయిందా, రెండు నకళ్లూ ఒకేవైపు వెళ్లాయా

హాప్లాయిడ్‌లో ఎర్ర సగం ఎలా వచ్చిందో తెలియదు. ముక్క నకలు కాకపోవడం వల్లో జారిపోవడం వల్లో ఒక పిల్ల కణానికి అందకపోవచ్చు. లేదా రెండు నకళ్లూ ఒకే పిల్ల కణానికి వెళ్లి ఉండొచ్చు. సెంట్రోమియర్ లోపం గురించి మాట్లాడేవారికి ఈ తేడా కీలకం. దీన్ని డిప్లాయిడ్ చెబుతుంది. రెండు ఏడ్2-101లూ, రెండు మ్యుటెంట్ సీఎస్ఈ4లూ ఉన్న డిప్లాయిడ్‌లో ఒక సప్11 ఉంటే గులాబీ, రెండుంటే తెలుపు, లేకపోతే ఎరుపు. సగం ఎరుపు-సగం గులాబీ అయితే ఒక నకలు గల్లంతైంది. సగం ఎరుపు-సగం తెలుపు అయితే రెండూ ఒకవైపే వెళ్లాయి. ఈ రెంటినీ విడివిడిగా రాయండి. గులాబీకీ తెలుపుకూ తేడా పట్టుకోవడానికి ఒక ముక్క, రెండు ముక్కలున్న స్ట్రెయిన్లను పక్కనే పరచిన ప్లేటు తప్పనిసరి.

రంగు మోసం చేసే చోట్లు

శ్వాసక్రియ పోయిన పెటైట్ కణాలు ఏడ్2 లోపమున్నా ఎర్రబడవు. చిన్నగా, తెల్లగా ఉన్న సెక్టార్లు కనిపిస్తే 3 శాతం గ్లిసరాల్ ప్లేటుకు రెప్లికా తీయండి (కాలనీలను అదే అమరికలో అచ్చు వేయండి), పెరగనివి పెటైట్లు. అడెనిన్ దారిలో ఏడ్2 కన్నా ముందున్న జన్యువు చెడినా ఎరుపు రాదు. అలాంటి తెల్ల కాలనీ యురాసిల్ లేనిచోట కూడా పెరగకపోతే ముక్క పోయి, రంగు కూడా పోయిందన్నమాట.

ప్రతి ప్రయోగంలో సగం కాలనీలు ఇరవైనైనా తీసుకుని, రెండు సగాలనూ యురాసిల్ లేని ప్లేటు మీద గీయండి. తెల్ల సగం పెరగాలి, ఎర్ర సగం పెరగకూడదు. ఎర్ర సగం పెరుగుతోందంటే ముక్క ఉంది, సప్11 మాత్రమే చెడింది. దాన్ని లెక్కలోంచి తీసేయండి. ఏమాత్రం అనుమానమున్నా పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ (క్రోమోజోములను పొడవు బట్టి వేరు చేసే జెల్) మీద ముక్క పట్టీ ఉందో లేదో చూస్తే సందేహం తీరుతుంది.

తప్పు సెంట్రోమియర్‌దేనా

మ్యుటెంట్ ఎక్కడ ఆగుతుందో చూడండి. మ్యాటింగ్ టైప్ ఏ కణాలను పీహెచ్ 4.5 ఉన్న వైపీడీలో మి.లీ.కు 5–10 మైక్రోగ్రాముల ఆల్ఫా ఫ్యాక్టర్‌తో (విభజనకు ముందే కణాలను ఆపే ఈస్ట్ సంకేత పదార్థంతో) 25 డిగ్రీల్లో మూడు గంటలు ఉంచండి. 90 శాతానికి పైగా మొగ్గ లేకుండా కొనదేలిన ఆకారానికి వచ్చాక రెండుసార్లు కడిగి, ముందే 37కు వేడెక్కించిన వైపీడీలో వదలండి. 15 నిమిషాలకొకసారి నమూనా తీసి 70 శాతం ఇథనాల్‌లో స్థిరపరచండి. డీఎన్ఏ మోతాదుకు ఆర్ఎన్ఏజ్, ఆపైన ప్రోటీనేజ్ కె చికిత్స చేసి, 1 మైక్రోమోలార్ సైటాక్స్ గ్రీన్ రంగుతో ఫ్లో సైటోమీటర్‌లో చూడండి. కేంద్రకం చూడటానికి డాపీ రంగు వాడండి. సీఎస్ఈ4-1 కణాలు ఎక్కువగా పెద్ద మొగ్గతో, ఒకే కేంద్రకంతో, రెట్టింపైన డీఎన్ఏతో, పొట్టి స్పిండిల్‌తో (క్రోమోజోములను లాగే మైక్రోట్యూబ్యూళ్ల కట్టతో) ఆగుతాయి. నకలు పూర్తయింది, విడిపోవడం ఆగింది అని అర్థం. మీ మ్యుటెంట్ ఒకటింతల, రెండింతల డీఎన్ఏల మధ్యలో ఆగితే ముందు డీఎన్ఏ నకలు తీసే వ్యవస్థను అనుమానించండి.

ప్రోటీన్‌ను మెరిపించి చూడాలనుకుంటే సీఎస్ఈ4 చివరి కొసకు జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) అంటించకండి. అలాంటి కలయిక పూర్తిగా పనిచేయదు, కొలిచే లోపానికి మీ ట్యాగే కారణం కావచ్చు. ముందున్న తోకలో, లోపలి చోట పెట్టిన ట్యాగ్ మేలు.

చివరగా రెస్క్యూ కంట్రోల్, అంటే మంచి జన్యువు తిరిగి ఇచ్చి చూడటం. మంచి సీఎస్ఈ4 ఇస్తే లోపం తీరాలి. దాన్ని సెంట్రోమియర్ ఉన్న ప్లాస్మిడ్ మీద ఇస్తే, ఎంపిక లేని రంగు ప్లేటు మీద ఆ ప్లాస్మిడ్ కూడా జారిపోతుంది. మామూలు కణంలోనే అది విభజనకు నూటికి ఒకటి నుంచి మూడు సార్లు పోతుంది, మ్యుటెంట్‌లో ఇంకా ఎక్కువ. ఎక్కువ కాపీల 2-మైక్రాన్ ప్లాస్మిడ్ మీద ఇస్తే సీఎస్ఈ4 మోతాదు మించి, సెంట్రోమియర్ కాని చోట్ల కూడా చేరుతుంది. లూ2 దగ్గరో ట్రిప్1 దగ్గరో జీనోములో ఒకే కాపీ చేర్చి, అదే ప్లేట్ల విడతలో, అదే ఉష్ణోగ్రతలో మళ్లీ 3,000 కాలనీలు లెక్కపెట్టండి.